హులిగెమ్మను కరిచిన కుక్క

కోడుమూరు నేతవీధిలో తప్పిపోయిన ప్రాణి ఏది కనిపించినా నేరుగా హులిగెమ్మ ఇంటికే తోలేవారు. మందలోంచి విడిపోయిన మేకపిల్ల, పశువుల పరసలో యజమానిని పోగొట్టుకున్న గిత్త, ఎవరి పంజరంలోంచి ఎగిరొచ్చిందో తెలియని రామచిలుక, అన్నీ ఆమె పందిరి గుంజ దగ్గర మకాం పెట్టినవే. ఆమె భర్త కాశన్న గుంతమగ్గంలో కూర్చుని నేస్తూనే, "మన ఇల్లేమన్నా బందెలదొడ్డా?" అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే నాడె పక్కన పెట్టి లేచి, ఆ ప్రాణికి ఇంత గడ్డో గింజో వేసేవాడు. పైకి ఒప్పుకోడు గానీ ఆయనకూ అదొక సరదా.

ఈ పనికి ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. దారి తప్పి వచ్చినదాన్ని ముందు కట్టెయ్యాలి, ఆ తర్వాతే నీళ్ళు పెట్టాలి. "నీళ్ళు తాగినంక అది నిలుస్తాదా? దాని దోవన అది పోతాది. ఎతుక్కుంటా వొచ్చినోనికి మనమేం జెప్పాల?" అనేది. ఆపైన తలారి చేత తప్పెట వేయించాలి, సంతకు పోయేవాళ్ళనల్లా ఆపి చెప్పాలి. ఊరికి చెప్పకుండా ఒక్క పూట మేపుకున్నా అది దొంగతనమేనని ఆమె లెక్క. పిల్లలు లేని మనిషి గనక గొడ్డూగోదా మీద మమకారం పెంచుకుందని వెనకాల అనేవాళ్ళు లేకపోలేదు. అట్లా అన్నవాళ్ళ మేక తప్పిపోయిన రోజున మాత్రం ఆ మాట వాళ్ళకు గుర్తుండేది కాదు. పొద్దున్నే వచ్చి ఆమె గుంజ వైపు తొంగి చూసేవాళ్ళు.

ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటి ఏడు, ఎండాకాలంలో ఆ కుక్క వచ్చింది. వానలు మొహం చాటేసి హంద్రీ ఎండిపోయింది. ఆడవాళ్ళు ఏటి ఇసకలో చెలమలు తోడుకుని నీళ్ళు తెచ్చుకుంటున్నారు. పీర్ల పండుగ అప్పుడే ముగిసింది. ఎండ ముదరకముందే పని తెమిలిపోవాలని నేతవాళ్ళంతా వీధి పొడుగునా పడుగు దారాలు చాచి, గంజి పట్టించి, కుంచెలు తోస్తున్నారు. గంజి ఆరేలోపు కుంచె ఆగకూడదు కాబట్టి ఎవరి తలా పైకి లేవడం లేదు. ఆ సమయంలో గోధుమరంగు కుక్క ఒకటి వీధిలోకి వచ్చి, ఎవరినీ పట్టించుకోకుండా హులిగెమ్మ గంజికుండలో మూతి పెట్టి కడుపునిండా తాగింది.

చూసింది హులిగెమ్మ ఒక్కతే. గంజి పోయిందని కోపమొచ్చింది గానీ, దాని మెడలో పాత తోలుపట్టా కనిపించగానే కోపం సగానికి తగ్గింది. "ఎవురో సాకిన కుక్క," అనుకుంది. తాడు తెచ్చి పట్టాకు ముడి వేస్తే అది తోక ఊపుతూ కట్టించుకుంది. గుంజకు కట్టేశాక, మంచి బిడ్డవని తల నిమిరి, చినిగిన ఎడమ చెవి పక్కన అంటుకున్న పల్లేరుకాయ తీయబోయింది. కుక్క గిర్రున తిరిగి ఆమె కుడి చేతిని పట్టేసింది. పళ్ళు లోపలికి దిగిన సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది. మరుక్షణం అదే వదిలేసి, తప్పు చేసినదానిలా గుంజ వెనక నక్కింది.

ఆమె కేక విని అందరూ కుంచెలు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. హులిగెమ్మ చేతి నుంచి రక్తం కారుతోంది, కుక్క మూతి నిండా తెల్లగా ఉంది.

"నురగ! నురగ కక్కుతాండాది! పిచ్చికుక్క!" అని ఎవరో అరిచారు. అంతే, ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని లోపలికి పరుగు. కాశన్న తమ్ముడు రామలింగప్ప పందిరికి ఆనించిన కట్టె లాగి ఎత్తాడు.

హులిగెమ్మ కుక్కకు అడ్డం నిలబడింది. "అది గంజి రా, రామలింగా! నా కుండలో మూతి పెట్టింది, నేను సూసినా."

ఎవరూ నమ్మలేదు. పుట్టినప్పటి నుంచి గంజిలో చేతులు పెట్టి బతికినవాళ్ళు, కుక్క మూతి మీది గంజిని మాత్రం గుర్తుపట్టలేకపోయారు. భయం అట్లాంటిది. ఆ మాటకొస్తే హులిగెమ్మకు కూడా లోపల ఎక్కడో ఒక పురుగు తొలుస్తూనే ఉంది. గంజి తాగడం చూసింది నిజమే. అంతకు ముందు ఆ మూతి ఎట్లా ఉందో ఆమె మాత్రం చూసిందా?

కాశన్న ఆమెను సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ లేవి అనే కాంపౌండరు ఉన్నాడు, మాట తక్కువ మనిషి. చెయ్యి సబ్బుతో కడిగి, మండే మందు పోసి, కట్టు కట్టి, అప్పుడు అడిగాడు, "కుక్కను సంపినారా?"

"లేదయ్యా, కట్టేసినాను," అంది హులిగెమ్మ.

"మంచి పని చేసినావు. దానికి పిచ్చి ఉంటే పది దినాల లోపల అదే చస్తుంది. అప్పుడు నువ్వు రైలెక్కి అరవదేశపు కొండల్లో కూనూరు పోయి పిచ్చికుక్క సూదులు వేయించుకోవాలి. అది నిక్షేపంగా తిని తిరుగుతుంటే నీకేం భయం లేదు. ఇప్పుడు నీకు ఆ కుక్కను మించిన చుట్టం లేదమ్మా, జాగ్రత్తగా చూసుకో."

పిచ్చికుక్క విషం ఎక్కిన మనిషి ఎట్లా పోతాడో నేతవీధిలో తెలియనివాళ్ళు లేరు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతూ, నీళ్ళ చెంబు చూస్తేనే వణికి, గొంతు పట్టేసి పోతాడు. హులిగెమ్మ చిన్నతనంలో తన మేనమామను అట్లా చూసింది. గదిలో పెట్టి గడియ వేశారు. ఆయన పిలిచిన పిలుపులు ఆమెకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఇంటికి వచ్చీరాగానే కుక్క ఎదురుగా చాప వేసుకుని కూర్చుంది.

ఆ రోజంతా ఆమె దాన్ని చూసింది, వీధి ఆమెను చూసింది. ఆమె పెట్టిన సంగటి ముద్ద కుక్క వాసన చూసి వదిలేసింది. నీళ్ళ ముంత వైపు తిరగనైనా తిరగలేదు. కుండెడు గంజి తాగిన కడుపు అని ఆమె తనకు తాను చెప్పుకుంది. అరుగుల మీది వాళ్ళు మాత్రం, "నీళ్ళు ముట్టల్యా, సూస్తిరా?" అని గుసగుసలాడారు. పొద్దు వాలేసరికి ఎవరి పిల్లలూ ఆ పందిరి దరిదాపుల్లోకి రావడం లేదు. రోజూ నిప్పు కోసం వచ్చే పక్కింటావిడ కూడా రాలేదు.

కాశన్న మేనత్త తిమ్మమ్మ ఆ ఇంటికి పెద్ద. ఆమె వచ్చి, "పొద్దున్నే ఏడు బావులు తొంగి సూడల్ల. తాతలకాలం నుంచి అదే మందు. ఎవురితో మాట్లాడకుండా పోవల్ల, నీళ్ళుండే బావుల్లోనే సూడల్ల. నీళ్ళల్లో నీ మొగం నీకు కనపడితే విషం దిగినట్ల. కుక్క మొగం కనపడితే..." అని ఆపేసింది.

"నేను ఈడ్నుంచి కదల్ను," అంది హులిగెమ్మ. "నేను పోతే దీన్ని ఇడుస్తారా మీరు? సంపుతారు."

కాశన్న పెళ్ళైన నాటి నుంచి భార్యను దేనికీ బతిమాలిన మనిషి కాదు. అట్లాంటివాడు చాప పక్కన గొంతుక్కూర్చుని, "ఒక్కసారి పోయొద్దాం మే. నా కోసరం," అన్నాడు. ఆయన అట్లా అడగడంతో ఆమె మెత్తబడింది. అయినా ఊరికే ఒప్పుకోలేదు. రామలింగప్పను పిలిపించింది.

"నేను తిరిగొచ్చేదాకా దీన్ని ముట్టనని నా చేతిలో చెయ్యెయ్యి," అంది.

"ముట్టను వదినా. కులదేవర సాచ్చిగా ముట్టను. నేనే కావిలుంటా," అన్నాడు రామలింగప్ప. కట్టు లేని ఎడమ చేతిలో చెయ్యి కూడా వేశాడు. చిన్నప్పుడు తల్లి పోతే ఆమె ఎత్తుకుని పెంచిన మరిది. అతను అబద్ధమాడతాడని ఆమెకు తోచలేదు. ఆ క్షణాన అతను ఆడనూ లేదు.

తెల్లవారుతూనే ముగ్గురూ బయల్దేరారు. ముందు తిమ్మమ్మ, మధ్యలో హులిగెమ్మ, వెనక కాశన్న. మాట్లాడకూడదు కాబట్టి చెప్పుల చప్పుడు తప్ప మరేమీ లేదు. ఊరబావిలో అడుగున పచ్చటి నీళ్ళు కొంచెం ఉన్నాయి. హులిగెమ్మ గట్టు మీద రొమ్ము ఆనించి వంగింది. కళ్ళు మూసుకుని, గుండె దిటవు చేసుకుని, తెరిచింది. ఆమె మొహమే. రెండో బావిలోనూ ఆమె మొహమే.

ఆ తర్వాతి బావి అడుగున బురద నెర్రెలిచ్చి ఉంది. తిమ్మమ్మ తల అడ్డంగా ఊపింది, ఇది లెక్కకు రాదని. దాని పక్కదీ అంతే. ఆ ఏడు కోడుమూరు చుట్టుపక్కల నీళ్ళున్న బావులు ఏడు దొరకడమే గగనమైంది. ఊళ్ళో అయిపోయే పని చేల మీదికి, చేల మీది నుంచి పొరుగూరి పొలిమేరకు పాకింది. ఎండ నెత్తి మీదికి ఎక్కుతోంది. రెడ్ల మోటబావి దగ్గర కావలివాడు, ఎందుకొచ్చారో సైగతోనే గ్రహించి, గబగబా పది బారలు దూరం జరిగాడు. తనను చూసి మనిషి అట్లా జరగడం హులిగెమ్మకు అదే మొదలు. ఇంకా విషం ఎక్కకముందే విషమైపోయానని ఆమెకు అర్థమైంది.

లెక్కకు వచ్చిన వాటిలో ఆరో బావి లోతు. చీకటిగా ఉంది. వంగి చూస్తే మొదట ఏమీ కనిపించలేదు. కళ్ళు అలవాటు పడ్డాక నీళ్ళలో ఆమె తల కనిపించింది. దాని పక్కనే, భుజం దగ్గర, ఇంకో నల్లటి తల కదిలింది. అరవబోయి, మాట్లాడకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది, అది కాశన్న తల. ఆమె కళ్ళు తిరిగి పడిపోతుందేమోనని వెనక నుంచి ఆమె భుజం పట్టుకుని ఆయనా వంగాడు. మాట్లాడే వీలుంటే ఆమె ఆయన్ను నాలుగు తిట్టేది. లేదు కాబట్టి ఆయన చెయ్యి మీద చెయ్యి వేసి కాసేపు అట్లాగే నిలబడింది.

ఏడో బావి హంద్రీ అవతల దొరికింది. అందులోనూ ఆమె మొహమే ఉంది, ఎండకు నల్లబడిన మొహం. తిమ్మమ్మ చేతులెత్తి సూర్యుడికి దణ్ణం పెట్టింది. ముగ్గురికీ ఊపిరి వచ్చినట్లయింది.

వీధి మలుపు తిరగగానే హులిగెమ్మ చూపు గుంజ మీదికి పోయింది. గుంజ ఉంది, దానికి తాడు ఉంది. తాడు చివర ఏమీ లేదు.

రామలింగప్ప అరుగు మీద తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కడిగిన కట్టె ఎండలో ఆరుతోంది.

"నిలవనియ్యల్యా వదినా," అన్నాడు తల ఎత్తకుండా. "ఒకటే మొరుగుడు, ఒకటే గుంజుడు. తాడు తెగిపోతాదేమోనని అందరూ మీద పడిరి. నీళ్ళన్నా తాగుతాదేమో సూద్దామని ముంత కట్టెతో దాని ముందరికి తోస్తిమి. మూతి పెట్టబోయి ఎనక్కి దుంకె. నీళ్ళు సూసి దుంకె వదినా! ఇంగ పిచ్చి గాకపోతే ఏంది? నీకోసరమే..."

"నీళ్ళు సూసి దుంకెనా," అంది హులిగెమ్మ, "నీ చేతిలో కట్టె సూసి దుంకెనా?"

రామలింగప్ప కట్టెను అరుగు కిందికి తోశాడు. కుక్కను హంద్రీ ఇసకలో పూడ్చామని ఎవరో చెప్పారు. ఆమె మరిదిని తిట్టలేదు. తిడితే బాగుండునని అతను ఎదురుచూస్తున్నాడు, ఆ ఊరట ఆమె ఇవ్వలేదు.

కాంపౌండరు లేవికి సంగతి చెప్తే, "ఇప్పుడు తెలుసుకునే దోవ లేదు. కూనూరు పోవాల్సిందే. కర్నూల్లో రైలెక్కండి, ఆలస్యం చెయ్యొద్దు," అన్నాడు. నేతవీధి నుంచి కూనూరు పోయినవాళ్ళు లేరు. అది ఏ దిక్కున ఉందో, ఎన్ని రైళ్ళు మారాలో, అక్కడివాళ్ళ మాట ఎట్లా అర్థమవుతుందో కాశన్నకు తెలియదు. అయినా ఎడ్లబండికి చెప్పి, మూట కట్టడం మొదలుపెట్టాడు. పడుగు మగ్గం మీద సగంలో ఆగిపోయింది.

బండి కుదిరేదాకా గడిచిన కాలం హులిగెమ్మకు నరకమే. ఆమె నీళ్ళ చెంబు ఎత్తితే చాలు, ఇంట్లో అందరి చూపూ ఆమె గొంతు మీదే. అట్లా చూస్తుంటే ఎవరికైనా గుటక దిగుతుందా? ఒకసారి పొలమారి దగ్గింది. తిమ్మమ్మ గోడకు కరుచుకుపోయింది. ఆ తర్వాత నుంచి ఆ ముసలామె చెంబు చేతికివ్వడం మానేసి, దూరంగా నేల మీద పెట్టి జరిగేది. మొన్న కుక్కకు తాను ముంత పెట్టిన చోటు కూడా ఇంత దూరం లేదే అనుకుంది హులిగెమ్మ. వంటింటి మూలకు పోయి, గోడ వైపు తిరిగి, ఎవరూ చూడకుండా నీళ్ళు తాగేది. గొంతు దిగిన ప్రతి గుటకకూ, ఇంకా లేదు, ఇంకా రాలేదు అనుకునేది. మేనమామ గుర్తొచ్చేవాడు. తలుపు గడియ వైపు చూసేది.

బండి వస్తుందనుకున్న రోజు మధ్యాహ్నం, వీధి మొదట్లో ఒక గొంతు వినిపించింది. "మోతీ! మోతీ! ఒరే మోతీ!"

హులిగెమ్మ వాకిట్లోకి వచ్చింది. అరవై ఏళ్ళు పైబడిన మనిషి, భుజాన దూది ఏకే విల్లు, కాళ్ళకు మోకాళ్ళ దాకా దుమ్ము. వెల్దుర్తి నుంచి వచ్చిన దూదేకుల లాలెప్పనని అరుగు మీది వాళ్ళకు చెప్పుకుంటున్నాడు.

"పీర్ల పండగలో తప్పెట్లకు బెదిరి పారిపాయప్పా నా కుక్క. ఊరూరూ తిరుగుతాండా. గోదుమరంగుది, మెడకు తోలుపట్టా ఉంటాది, నేనే కోసి కట్టిన. ఈ దిక్కు ఏమన్నా వొచ్చెనా?"

"ఏ కుక్కా రాల్యాదు," అన్నాడు ఒకడు. మిగతావాళ్ళు చుట్టలు వెలిగించుకునే పనిలో పడ్డారు. రామలింగప్ప లేచి లోపలికి పోబోయి, వదినను చూసి ఆగిపోయాడు.

లాలెప్ప వెనక్కి తిరగబోతుంటే హులిగెమ్మ గబగబా అడ్డం వచ్చింది. చెయ్యి కొంగులో దాచుకుంది. ఆమెకు ఆ నిమిషాన ఆ ముసలివాడి మీద జాలి లేదు, సిగ్గు లేదు. ఉన్నదొక్కటే, తన ప్రాణం.

"నీ కుక్క నీళ్ళు తాగేదాప్పా?"

లాలెప్ప నవ్వాడు. "నీళ్ళా తల్లీ? చెలమలో పండుకునిందంటే లెయ్యదు."

"కూడు తినేదా?"

"పారిపోయిన పూట గూడా నా రొట్టెలో సగం గుంజుకుని తినె."

"మనుషుల మీద బడేదా? ఎవురినన్నా కరిసిందా?"

లాలెప్ప కొంచెం తటపటాయించాడు. "అబద్దం జెప్పగూడదు తల్లీ. శానా మంచిది అది. అయితే ఎడమ చెవి లోపల కురుపు ఉండాది, చినిగిన కాడ. ఆ చెవి ముడితే మాత్రం సొంతోన్నయినా ఇడ్సదు. నూనె ఎయ్యబోయినప్పుడల్లా నాకు ఇదే." ముంజేయి చాచాడు. "ఇది శివరాత్రికి కరిసింది. ఇది ఉగాదికి. మానిపాయె. కరిసి, మళ్ళా అదే యేడుస్తా పోయి మూలన నక్కుతాది."

ఆ చేతి మీద మానిపోయిన పళ్ళ గుర్తులు తెల్లగా ఉన్నాయి. హులిగెమ్మ వాటినే చూస్తూ నిలబడింది. పల్లేరుకాయ, ఎడమ చెవి, గుంజ వెనక నక్కిన కుక్క, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పందిరి గుంజ పట్టుకుంది. బతికిపోయాను అనుకుంది. ఆనందం ఆమె ఆపుకుందామన్నా ఆగకుండా మొహంలోకి వచ్చేసింది.

లాలెప్ప ఆ మొహం చూశాడు. చూసి ఆయన మొహమూ వెలిగింది.

"సూసినావు! నువ్వు సూసినావు తల్లీ నా మోతీని! ఇన్ని అడుగుతాండావంటే నీకాడనే ఉండాది. యాడ కట్టేసినావమ్మా?" విల్లు కింద పెట్టి, నడుముకు కట్టిన గుడ్డలోంచి ఎండిన రొట్టెముక్క తీశాడు. ఇంటి వెనక్కి తొంగి చూస్తూ, "మోతీ! రా రా, నేనొచ్చిన!" అని పిలిచాడు.

వీధిలో చుట్టలు కాల్చేవాళ్ళు కూడా చుట్టలు దించారు. కాశన్న మూట వదిలేసి గడపలో నిలబడ్డాడు. రామలింగప్ప రెండడుగులు ముందుకు వేసి నిలిచిపోయాడు.

హులిగెమ్మ కొంగులోంచి చెయ్యి బయటికి తీసింది. కట్టు కట్టిన ఆ చేత్తోనే రొట్టె పట్టుకున్న ముసలి చేతిని పట్టుకుంది.

"నీ మోతీకి పిచ్చి పట్టిందనుకుంటిమప్పా. సంపేసినాము. హంద్రీలో పూడ్చినాము."

లాలెప్ప ఆమె మొహం వైపు చూశాడు, తర్వాత ఆమె చేతి కట్టు వైపు చూశాడు. వాకిట్లోని ప్రయాణం మూటను చూశాడు. కాసేపటికి ఆయనకు అంతా అర్థమైంది. రొట్టె ఇంకా చేతిలోనే ఉంది. రెండో చేత్తో ఆమె కట్టును మెల్లగా తడిమాడు.

"చెవి ముట్టినావా తల్లీ," అన్నాడు. "భయపడద్దు. నీకేం గాదు. ఇట్లనే వాస్తాది, మళ్ళా తగ్గిపోతాది."

కుక్క కరిచిననాటి నుంచి ఒక్క చుక్క కూడా రాని హులిగెమ్మ కళ్ళలోంచి అప్పుడు నీళ్ళు దూకాయి. ఆ వీధంతా చూస్తుండగా, పందిరి గుంజ కింద కూలబడి ఆమె గట్టిగా ఏడ్చింది.